రంగస్థలానికి వకాల్తా

తెలుగు నాటకశాలలో ఒకప్పుడు పద్యమే ప్రభువు. మరణశయ్యపై నున్న పాత్రధారి సైతం సుదీర్ఘంగా రాగం తీసేవాడు. ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అనగానే లేచి కూర్చుండి, అదే పద్యాన్ని మరల ఆలపించి, తిరిగి ప్రాణం విడిచేవాడు. ఇది నాటకమా, పాటకచేరీయా అని నిలదీసినవారిలో అగ్రగణ్యుడు వృత్తిరీత్యా న్యాయవాది. ఆయనే బళ్ళారి రాఘవ.

తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న జన్మించారు. ఆంధ్ర నాటక పితామహుడుగా ఖ్యాతి గడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. న్యాయశాస్త్రం అభ్యసించి బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టిన రాఘవకు పగలు న్యాయస్థానం, రాత్రి రంగస్థలం. నటనకు పారితోషికం ఆశించలేదు. సత్కార్యాల నిధుల కొరకు ఎన్నో ప్రదర్శనలిచ్చారు. జీవిక న్యాయవాద వృత్తిపై ఆధారపడి యుండుటచే ప్రేక్షకుల చప్పట్లకు దాసోహమనవలసిన అగత్యం ఆయనకు లేకపోయినది. ఆ స్వేచ్ఛను ఆయన సద్వినియోగం చేసుకొన్నారు.

హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, 'రామరాజు చరిత్ర'లోని పఠాన్ రుస్తుం ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు. షేక్‌స్పియర్ సృష్టించిన ఒథెల్లో, షైలాకులను ఆంగ్లంలోనే అభినయించారు. ఏ పాత్ర ధరించినను రాగాన్ని కుదించి భావానికి చోటిచ్చారు. మాటకు మాటకు నడుమ మౌనం, కంటి చూపు, చేతి కదలిక కూడ కథ చెప్పగలవని ప్రేక్షకులకు అలవాటు చేశారు. 1920ల చివర ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షా వంటి నాటకకర్తను కలుసుకొన్నారు.

అయితే రాఘవ చేపట్టిన వ్యాజ్యాలలో కఠినమైనది మరొకటి. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించవలెనని ఆయన పట్టుబట్టారు. ఆ కాలమున సత్యభామగా స్థానం నరసింహారావు రంగమెక్కితే స్త్రీలు సైతం విస్తుపోయి చూచేవారు. అంతటి కళాకారుడు ఉండగా ఈ వాదమెందుకని అడుగువారికి కొదవ లేదు. కాని ప్రశ్న ఒక నటుని ప్రతిభను గురించినది కాదు. సగం సమాజానికి వేదికపై చోటున్నదా లేదా అన్నది. గౌరవ కుటుంబాల స్త్రీలు ముఖానికి రంగు పూసుకొనుటయే అపచారమని తలచిన రోజులవి. నింద రాఘవకంటె ముందుగా ఆయనతో రంగమెక్కిన స్త్రీలకే తగిలేది. దానికి జంకక ముందుకు వచ్చిన కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారి సాహసం కూడ ఈ చరిత్రలో భాగమే. పి.వి. రాజమన్నారు రచించిన 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలు ఈ కొత్త నటనకు తగిన పొలమైనవి.

చలనచిత్రం ఆయనను అంతగా ఆదరించలేదు. 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), జమీందారీ వ్యవస్థను నిలదీసిన 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) చిత్రాలతో ఆ అధ్యాయం ముగిసినది. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. అక్కడి తెలుగువారు సరిహద్దుకు ఆవలివారైనారు. రాఘవ స్మృతిచిహ్నంగా 1981లో తపాలాబిళ్ళ వెలువడినది.

రాఘవ మరణానికి ఏడాది ముందు, 1945లో, జంషెడ్‌పూర్‌లో టెల్కో సంస్థ ఆవిర్భవించినది. ఆ కర్మాగారాన్ని ఆశ్రయించి పెరిగిన టెల్కో కాలనీలో నానాభాషలవారు ఇరుగుపొరుగులైనారు. సొంత రాష్ట్రానికి దూరంగా బ్రతికే తెలుగువారికి రాఘవ జీవితం పరాయిది కాదు. పగలంతా ఒక కొలువు చేసి, సాయంకాలం తన భాషలో ఒక పాత్రకు ప్రాణం పోయగోరే ప్రతి ఉద్యోగికి ఆయన పెద్దదిక్కు.

నటుని కళ తెరతోపాటు దిగిపోతుందని అంటారు. రాఘవ కంఠం విన్నవారు దాదాపు కనుమరుగైనారు. కాని ఈనాడు ఒక యువతి నాటకంలో వేషం వేస్తానంటే ఆమెను వేదిక ఎక్కించుటకు వకీలు అవసరం లేదు. ఆయన గెలిచిన వ్యాజ్యం అది.