న్యాయమూర్తి రాజమన్నారుగారు: ఉన్నచోటి ధర్మము

ఈ సంచికకై ఒక తెలుగు ప్రముఖుని గూర్చి వ్రాయుమని సంఘమువారు కోరగా, మాకు వెంటనే తోచిన పేరు పాకాల వేంకట రాజమన్నారుగారిది. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తమిళనాడులో ఒక జిల్లా న్యాయస్థానపు నకళ్ళ విభాగమున గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. తీర్పులకు నకళ్ళు తీయుటయే మా విద్య. ఆ పనిలోనే ఈ మహనీయుని పేరు మాకు పరిచయమైనది. న్యాయవాదులు ఉదహరించు పాత తీర్పులలో ఆ పేరు కనబడినపుడెల్ల ‘వీరు మనవారు’ అని లోలోపల సంతోషించెడివారము. పేరును బట్టి వారిని తమిళులని తలచువారు నేటికిని కలరు.

రాజమన్నారుగారు 1901లో జన్మించిరి. తండ్రి వేంకటరమణారావు నాయుడుగారు మద్రాసున పేరుపొందిన న్యాయవాది. పిమ్మట హైకోర్టు న్యాయమూర్తి యైరి. రాజమహేంద్రవరమువారైన కోకా సుబ్బారావుగారు ఆ యింటి అల్లుడు. బావమరదు లిరువురును కొంతకాలము కలసి వకీలు వృత్తి సాగించిరి. కాలక్రమమున సుబ్బారావుగారు 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియు నైరి. రాజమన్నారుగారు 1944లో మద్రాసు అడ్వొకేటు జనరలుగాను, మరుసటి యేడు న్యాయమూర్తిగాను నియుక్తులై, 1948లో ప్రధాన న్యాయమూర్తి పీఠము నధిష్ఠించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ పీఠమెక్కిన ప్రథమ భారతీయులు వారే. 1961 వరకు, పదమూడేండ్లు, ఆ బాధ్యతను వహించిరి.

వారి తీర్పులలో ఒకదానిని మాత్రము ఇచట పేర్కొందుము. 1950 మార్చిలో మద్రాసు ప్రభుత్వము పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అను సంస్థను చట్టవిరుద్ధమని ప్రకటించెను. దాని కార్యదర్శి వి.జి. రావుగారు హైకోర్టు నాశ్రయించిరి. ఒక సంఘము ఉండవలెనో కూడదో ప్రభుత్వమే నిర్ణయించి, న్యాయస్థానమున విచారణకు తావు లేకుండ జేయుట రాజ్యాంగ విరుద్ధమని రాజమన్నారుగారు అధ్యక్షత వహించిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. అప్పటికి రాజ్యాంగము అమలులోనికి వచ్చి యేడాదియైనను నిండలేదు. 1952లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. ఈనాడు మనము ఇతర భాషా రాష్ట్రములలో సంఘములుగా చేరి, సభలు జరుపుకొని, ఇట్టి సంచికలు వెలువరించుకొనుచున్నామన్న, దానికి ఆధారము ఆ హక్కే గదా!

న్యాయాధిపతి యగుటకు ముందే వారు తెలుగు నాటకకర్త. వారి ‘తప్పెవరిది’ నాటకమును బళ్ళారి రాఘవగారు ప్రదర్శించిరి. రాఘవగారును న్యాయవాదియే; స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిన సంస్కర్త. మద్రాసు వకీలు వ్రాయగా బళ్ళారి వకీలు ఆడిన ఆ నాటకము, నేటి లెక్కలో రెండు పొరుగు రాష్ట్రముల తెలుగువారు కలసి తెలుగు రంగస్థలమున కిచ్చిన కానుక. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ యేర్పడినపుడు దాని ప్రథమాధ్యక్ష పదవియు రాజమన్నారుగారినే వరించినది.

ఆ 1953వ సంవత్సరము మనవంటి కుటుంబములకు మరువరానిది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమవతరించెను. మద్రాసు నగరము ఆవల నిలిచెను. ఆనాడే బళ్ళారి మైసూరులో చేరెను. అంతకు మున్నే, 1936లో, బరంపురము ఒరిస్సాలో చేరియుండెను. ఈ యూళ్ళలోని తెలుగువారు ఇల్లు కదలలేదు, పొలము విడువలేదు. సరిహద్దులే కదలి వారిని దాటిపోయినవి. నిన్నటివరకు ఊరివారైనవారు తెల్లవారునప్పటికి ‘అల్పసంఖ్యాకులు’ అయిరి. అట్టి సమయమున రాజమన్నారుగారు మద్రాసు పీఠముననే యుండి, మరి యెనిమిదేండ్లు ఆ గడ్డ ప్రజలకు న్యాయము చెప్పిరి. వారు తెలుగువారు గనుక మాకు న్యాయము జరుగదని తమిళ సోదరులెవరును అనినట్లు మేము వినలేదు.

మా యుద్యోగకాలమున ఒక పై యధికారి, మేము ఇంటివారితో తెలుగున మాటాడుట విని, “మీ రాష్ట్రమునకు ఎప్పుడు పోవుదురు?” అని పరిహాసమాడెను. మా తాతముత్తాతలు ఈ నేలనే దున్నిరి, ఈ నేలనే కలసిపోయిరి. ఎక్కడికి పోవలెను? ఆనాడు మేము మారు పలుకక కాగితములు సర్దుకొంటిమి. ఆ ప్రశ్నకు తగిన ఉత్తరము రాజమన్నారుగారి ఉత్తర జీవితమున మాకు లభించినది.

1957 అక్టోబరులో గవర్నరు ఎ.జె. జాన్‌గారు పదవిలో నుండగనే మరణింపగా, రాజమన్నారుగారు 1958 జనవరి వరకు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించిరి. 1964లో నాలుగవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షులైరి. ఆదాయపు పన్నులో రాష్ట్రములకు వచ్చు భాగము అంతవరకు మూడింట రెండు వంతులు. దానిని నూటికి 75 వంతులు చేయవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. రాష్ట్రములు చేయవలసిన పనులెక్కువ, చేతనున్న సొమ్ము తక్కువ యని వారు లెక్కలలోనే చూచిరి.

తరువాత 1969 సెప్టెంబరులో కరుణానిధిగారి ప్రభుత్వము కేంద్ర రాష్ట్ర సంబంధములను పరిశీలించుటకు ఒక సమితిని నియమించెను. దాని అధ్యక్షులు రాజమన్నారుగారు. సభ్యులలో పి. చంద్రారెడ్డిగారు తెలుగువారు, ఆంధ్రప్రదేశ్, మద్రాసు హైకోర్టులు రెండింటికిని ప్రధాన న్యాయమూర్తిగా నుండినవారు; లక్ష్మణస్వామి మొదలియారుగారు తమిళులైనను కర్నూలున జన్మించినవారు. చూడుడు! తమిళనాటి హక్కులను గూర్చి తమిళ ప్రభుత్వము సలహా యడిగిన ముగ్గురిలో ఇరువురు తెలుగువారు, మూడవవారు తెలుగుగడ్డపై పుట్టినవారు.

1971 మే నెలలో వారు నివేదిక సమర్పించిరి. రాష్ట్రప్రభుత్వములను తొలగించుటకు వినియోగపడు 356వ అధికరణమును తీసివేయవలెననియు, ఆర్థిక సంఘమును శాశ్వతసంస్థగా చేయవలెననియు, ప్రధానమంత్రి అధ్యక్షతన అంతరరాష్ట్ర మండలి వెంటనే నెలకొల్పవలెననియు అందు సూచించిరి. గవర్నరు నియామకమున రాష్ట్ర మంత్రివర్గమును సంప్రదింపవలెనన్నది మరియొక సూచన. తాము స్వయముగా కూర్చుండిన ఆసనమును గూర్చియే అట్లు వ్రాసిరి గనుక అది అనుభవముతో పలికిన మాట.

కేంద్రము ఆ నివేదికను అంగీకరింపలేదు. 1974లో తమిళనాడు శాసనసభ రాష్ట్ర స్వయంప్రతిపత్తి తీర్మానము చేసెను. అంతరరాష్ట్ర మండలి 1990లో గాని యేర్పడలేదు. 356వ అధికరణము నేటికిని కలదు. అయితే 1994లో బొమ్మై తీర్పు దానికి కళ్ళెము వేసినది. రాజమన్నారుగారు 1979లో కీర్తిశేషులైరి. 2025లో తమిళనాడు ప్రభుత్వము జస్టిస్ కురియన్ జోసెఫ్‌గారి అధ్యక్షతన ఇదే విషయమై మరల ఒక సమితిని నియమించినది. అర్ధశతాబ్ది దాటినను వారు లేవనెత్తిన ప్రశ్నలు పాతబడలేదు.

బావగారైన సుబ్బారావుగారు 1967లో పదవికి రాజీనామా యిచ్చి రాష్ట్రపతి యెన్నికలో నిలిచి, జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిరి. అది ఒక మార్గము. రాజమన్నారుగారు ఓటు నడుగక, నివేదికల మూలమున రాజనీతిని నెరపిరి. గుమాస్తాలమైన మాకు ఈ రెండవ మార్గమే చేరువగా తోచును. కాగితముపై సరిగా వ్రాసిన మాట, వ్రాసినవాడు పోయిన తరువాతను పనిచేయుచుండును.

ఇక మన యింటి మాట. 2006 నాటి చట్టముతో తమిళనాడు పాఠశాలలలో ఒకటవ తరగతినుండి తమిళము నిర్బంధమైనది. ఉన్న ఊరి భాషను నేర్చుట మనకు భారము కాదు. అది మన ధర్మము. కాని బడిలో లేని తెలుగునకు ఇల్లొక్కటియే బడి. మా తండ్రిగారి పెట్టెలో రాజమన్నారుగారి నాటికల పుస్తకమొకటి దొరకగా, మా మనుమరాలికి చూపితిమి. తెలుగు చక్కగా మాటాడు ఆ బిడ్డ అట్టమీది యక్షరములను ముగ్గును చూచినట్లు చూచి, “తాతా, ఇందులో ఏమున్నది?” అని యడిగినది. ఆనాటినుండి ప్రతి సాయంకాలము ఒక్కొక పుట ఆమెచేత చదివించుచున్నాము. ఇప్పటికి పదునొకండు పుటలు సాగినవి. ఒత్తులవద్ద మాత్రము తడబడును.

సోదరులారా, సోదరీమణులారా, మనలో ప్రతివారును రాజమన్నారులు కాజాలరు. కాని ఉన్న రాష్ట్రమునకు నమ్మకముగా పనిచేయుటయు, పుట్టిన భాషలో వ్రాయుటయు ఒక్క మనిషికి ఒక్క జీవితమున సాధ్యమేనని వారు ఋజువు చేసి చూపిరి. అంతకంటె మించిన సాక్ష్యము మనకేల?