ఒక రాజీనామా కథ

నేను తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసినవాడిని. కంప్యూటరు విద్య నా విషయం కాదు. అయినప్పటికీ, కళాశాల ప్రకటనలను ఉర్దూ, తెలుగు భాషలలో చూపే వెబ్ పేజీని సిద్ధం చేస్తున్న ఇద్దరు విద్యార్థులు భాషాదోషాలు దిద్దమని కోరగా వెళ్ళాను. అక్కడ నాకు కనబడినది కూడా ఒక భాషా కలహమే.

ఒక విద్యార్థి 'మెటీరియల్ యూఐ' అనే లైబ్రరీని ఆశ్రయించాడు. అందులో బటన్లు, పట్టికలు సిద్ధంగా దొరుకుతాయి. వాటి రంగులు, కొలతలు 'థీమ్' అనే ఒకే చోట నిర్ణయమవుతాయి. రెండవ విద్యార్థిని 2017లో వెలువడిన 'టెయిల్‌విండ్' పక్షం. ఒక్కొక్క పని చేసే చిన్న చిన్న క్లాసు పేర్లను చేర్చి రూపం కల్పించడం దాని పద్ధతి. రెండింటినీ ఒకే పేజీలో కలిపారు. 'ఎండీ' అనే వెడల్పు గుర్తుకు మొదటిదానిలో 900 పిక్సెళ్ళు, రెండవదానిలో 768. ఎడమును తెలిపే '2' అనే అంకెకు అక్కడ 16 పిక్సెళ్ళు, ఇక్కడ 8. మాట ఒకటే, అర్థాలు రెండు. టాబ్లెట్‌లో చూస్తే సగం పేజీ ఒక లెక్కన, సగం మరొక లెక్కన నిలిచింది.

పంక్తి పంక్తికీ 'ఇంపార్టెంట్' తగిలించి ఎవరి మాట వారు నెగ్గించుకోజూచారు. కమిటీవారు రంగు మార్చమనగా, థీమ్‌లో మార్చినా సగమే మారింది. చివరకు ఆ అమ్మాయి "ఇక నావల్ల కాదు సార్" అంటూ 'రాజీనామా' అని శీర్షిక పెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది.

మా ఇంటి ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకొని వ్రాసుకొనే సమాధాన పత్రం. తెలుగులో అదే మాటకు పదవి వదలుకోవడమని అర్థమని బడిలో విన్ననాడు నేను తెల్లబోయాను. ఈ సంగతి చెప్పగా ఇద్దరూ నవ్వి, మళ్ళీ కూర్చున్నారు.

వారు చేసిన ఒప్పందం ఇది. రంగులకు, ఎడములకు థీమ్ ఒక్కటే ప్రమాణం. అది ప్రకటించే సీఎస్ఎస్ వేరియబుళ్ళనే టెయిల్‌విండ్ పేర్లు సూచించాలి. వెడల్పు గుర్తులకు వేరియబుళ్ళు పనికిరావు గనుక రెండుచోట్లా ఒకే అంకెలు వ్రాయాలి. 2022 నుండి ముఖ్య బ్రౌజర్లన్నీ గ్రహిస్తున్న 'లేయర్' పద్ధతిలో లైబ్రరీ శైలి క్రింది పొరగా, చిన్న క్లాసులు పై పొరగా నిలవాలి. ఇక కేకలతో పనిలేదు. ఉర్దూ కుడినుండి సాగుతుంది కాబట్టి 'ఎడమ', 'కుడి' అనక 'మొదలు', 'చివర' అనే పేర్లే వాడాలి.

పేజీ పూర్తయింది. ఆ అమ్మాయి తన కాగితాన్ని తిరిగి అడుగలేదు, నేనూ చింపలేదు. అది నా బల్లసొరుగులోనే ఉన్నది. ఉర్దూ అర్థంలో చదివితే, అందులోని శీర్షిక నిజమే అయింది.