నడినెత్తి మీద ఒక అల

అమెరికాలోని మాడిసన్‌లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు నిద్ర పరిశోధనశాల చూడాలని ఎన్నాళ్లగానో అనుకుంటున్నాను. నిద్రలో ఉన్న మనిషి మెదడులో బయటి నుంచే అలను లేపవచ్చని పరిశోధకులు మాసిమినీ, టొనోనీల బృందం 2007లో అక్కడే చూపింది.

చిన్న గది. మంచం, తలగడ, దుప్పటి. తలగడకు పైన స్టాండుకు బిగించిన కాయిల్. ఎనిమిది అంకెలా చుట్టిన రాగి తీగ అది. చేత్తో పట్టుకుంటే బరువుగానే ఉంది. అందులోంచి క్షణంలో వెయ్యోవంతు కూడా లేని అయస్కాంత తాకిడి పుర్రెను దాటి, సరిగ్గా దాని కింద ఉన్న నాడీకణాల్లో కరెంటు పుట్టిస్తుంది. తాకిడి తాకిడికీ 'టక్'మని గట్టిగా చప్పుడు. చిక్కంతా అక్కడే. నిద్రలో ఉన్న మెదడు ఉత్త చప్పుడుకు కూడా పెద్ద అలతో స్పందిస్తుంది. అందుకని చెవుల్లో ఎడతెగని హోరు వినిపిస్తారు. తలకూ కాయిల్‌కూ మధ్య పలుచని ఫోమ్ పెడతారు. ఈ ఓపిక చూశాకే ఆ ఫలితం మీద నాకు నమ్మకం కుదిరింది.

గాఢనిద్రలో మెదడు పైపొర అయిన కార్టెక్స్ కణాలు గుంపుగా మూగబోతాయి, మళ్లీ గుంపుగా మేలుకుంటాయి. ఆ అల అంటే ఇదే. సెకనుకు ఒక్కసారి కూడా పూర్తికాని ఈ లయను నాడీశాస్త్రవేత్త స్టెరియాడ్ 1993లో పిల్లుల మెదడుల్లో పట్టుకున్నాడు. పాత రికార్డింగు ఒకటి తెరమీద చూపించారు. తాకిడి పడిన చోట గీత లోతుగా దిగి, పైకి లేచి, చుట్టూ పాకింది. ఒక్కో తాకిడికి ఒక్కో అల! అలా లేపిన కొద్దీ నిద్ర ఇంకా చిక్కబడిందట.

మరి పిలిస్తే వచ్చిన అల, తనంతట తాను వచ్చిన అల చేసే పనే చేస్తుందా? పగలు కొత్తగా నేర్చుకున్న చేతి పనికి సంబంధించిన భాగంలోనే ఆ రాత్రి అలలు పెరిగాయని 2004లో ఇదే విశ్వవిద్యాలయంవాళ్లు కనుగొన్నారు. ఎక్కడ అవసరమో మెదడుకు తెలుసు. కాయిల్‌కు మనం చెప్పాలి. జర్మనీలో 2006లో సన్నని కరెంటుతో ఈ అలలు పెంచితే జ్ఞాపకం మెరుగుపడింది. తర్వాత చేసినవాళ్లందరికీ అలా రాలేదు.

వయసు పెరిగేకొద్దీ ఈ అలలు తగ్గుతాయి. మా అమ్మది ఇప్పుడు కోడి కునుకే. చప్పుళ్లతో అలలు పెంచే హెడ్‌బ్యాండ్ కొందామని తమ్ముడు ఫోన్ చేశాడు. ఇప్పుడే వద్దురా అన్నాను.