స్కాట్లాండ్ కార్డు, నాన్న లెక్క

ఇంగ్లండు వచ్చిన కొత్తలో మనవాళ్ళందరికీ ఒక జబ్బు ఉంటుంది. ఏ ధర చూసినా వందతో గుణించడం. కాఫీ మూడున్నర పౌండ్లు కనపడగానే "అమ్మో, మూడొందల యాభయ్యా!" అని గుండె పట్టుకోవడం. నాకు రెండేళ్ళకి తగ్గింది. కానీ అమ్మా నాన్నా విజిట్ వీసా మీద వచ్చారంటే మళ్ళీ తిరగబెడుతుంది. మా నాన్నకి చూడాలన్న సరదా చాలా ఎక్కువ, టికెట్ కొనాలన్న సరదా బొత్తిగా తక్కువ. ఏ కోటకి తీసుకెళ్ళినా గేటు దగ్గర ధరల బోర్డు చదివి, మనసులో గుణించి, "మీరు చూసి రండ్రా, నేను ఇక్కడ చెట్టు కింద కూచుంటా" అనేవారు. కోటలు చూపిద్దామని ఏడు సముద్రాలు దాటించి తీసుకొస్తే, ఆయన నాకు కార్ పార్కులే చూపించారు :)

సరిగ్గా ఆ టైములో మా టీములో ఓ పెద్దాయన ఒక చిట్కా చెప్పాడు. పుట్టి పెరిగిందంతా ఇంగ్లండే, డబ్బు విషయంలో మాత్రం మా నాన్నకి తమ్ముడి వరస. "నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ తీసుకుంటున్నావా? ఆగు. స్కాట్లాండ్ వాళ్ళది తీసుకో" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. నేషనల్ ట్రస్ట్ 1895లో పుట్టిన చారిటీ. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పాత భవనాలు, తోటలు, కోటలు, సముద్రతీరాలు కలిపి 500కి పైగా చోట్లని చూసుకుంటుంది. సభ్యులు యాభై లక్షలకి పైమాటే. స్కాట్లాండ్‌కి విడిగా ఇంకో సంస్థ ఉంది, నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్. అది 1931లో పెట్టింది. రెండూ వేర్వేరు సంస్థలు, వేర్వేరు ఖాతాలు. కానీ ఒకళ్ళ సభ్యులని ఇంకొకళ్ళు ఉచితంగా లోపలికి పంపించాలని ఒప్పందం. మన స్టేట్ బ్యాంక్ కార్డు ఇంకో బ్యాంక్ ఏటీఎంలో పనిచేసినట్టు అనుకోండి.

కిటుకంతా ఇక్కడే ఉంది. స్కాట్లాండ్ వాళ్ళ చందా ఇంగ్లండ్ వాళ్ళకన్నా తక్కువ. ఫ్యామిలీ కార్డు మీద కొన్ని పదుల పౌండ్లు తేడా వస్తుంది. చూడబోయేవి అవే భవనాలు, కట్టేది తక్కువ చందా. ఎవరో కోడ్‌లో వదిలేసిన బగ్ నాకొక్కడికే దొరికినంత సంబరపడిపోయాను. మాకో ఫ్యామిలీ కార్డు, ఈ ఇంటి అడ్రసు మీదే అమ్మా నాన్నలకి ఒక జాయింట్ కార్డు, రెండూ స్కాట్లాండ్‌వే తీసేసుకున్నాను. పెద్ద భవనాల్లో మనిషికి పదిహేను, ఇరవై పౌండ్ల దాకా ఉంటుంది కాబట్టి నాలుగైదు చోట్లు తిరిగితే కార్డు డబ్బులు వచ్చేసినట్టే. మిగిలినదంతా లాభం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఊరుకుంటానా! ఎక్సెల్ షీటు పెట్టి, వెళ్ళొచ్చిన చోటల్లా "కట్టాల్సింది, కట్టింది, మిగిలింది" అని మూడు వరసలు రాసుకుంటూ వచ్చాను.

అన్నిటికన్నా ముందు మారింది మా నాన్న. కార్డు చూపిస్తే పంపించేస్తారని తెలిశాక ఇక ఏ చెట్టు కిందా కూచోలేదు. శనివారం పొద్దున్నే షూ వేసుకుని తయారు. "ఇవాళ ఎక్కడికిరా ఫ్రీగా?" అని అడిగేవారు.

అలా ఓ శనివారం బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి నుంచి రెండు గంటల్లోపు ప్రయాణం కదా అని వేల్స్‌లోని పోయిస్ కోటకి వెళ్ళాం. అక్కడ క్లైవ్ మ్యూజియం ఉంటుంది. రాబర్ట్ క్లైవూ, ఆయన కొడుకు ఎడ్వర్డ్ క్లైవూ మన దేశం నుంచి తెచ్చిన సామాను. ఈ ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. శ్రీరంగపట్నం 1799లో పడిపోయింది ఆయన హయాంలోనే. అందుకే టిప్పు సుల్తాన్ గుడారం, సింహాసనం మీది బంగారు పులి తలల్లో ఒకటీ ఇక్కడ ఉన్నాయి.

విషయం చెప్పగానే మా నాన్న గేటు దగ్గరే ఆగిపోయారు. "మన సొమ్ము చూడ్డానికి మనం టికెట్ కొనాలా?" అన్నారు. "కొనక్కర్లేదు నాన్నా, కార్డుంది" అన్నాను గొప్పగా.

మా నాన్నది పిఠాపురం దగ్గర పల్లెటూరు. పక్కనే చందుర్తి. 1758 డిసెంబరులో ఫ్రెంచి వాళ్ళకీ, విజయనగరం ఆనంద గజపతిరాజు సాయంతో వచ్చిన ఇంగ్లీషు వాళ్ళకీ యుద్ధం జరిగింది అక్కడే. ఆ సైన్యాన్ని కల్నల్ ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి పంపించింది రాబర్ట్ క్లైవే. నాలుగు నెలలకి మచిలీపట్నం పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా రాయించుకుని, ఉత్తర సర్కార్లు కంపెనీ పరం చేయించిందీ ఆయనే. ఇవన్నీ నేను స్కూల్లో బట్టీ కొట్టి మర్చిపోయిన సంగతులు. ఆయన మాత్రం ఆ పొలాల మీదుగా సైకిలు తొక్కుకుంటూ హైస్కూలుకి వెళ్ళిన మనిషి. ఆ గుడారం ముందు మసక వెలుతురులో చాలాసేపు నిలబడిపోయారు. పూల అద్దకం బట్ట, రంగులు ఇంకా బతికే ఉన్నాయి. ఏం మాట్లాడలేదు.

అక్కడ ఒక వాలంటీరు ఉంది, డెబ్భై ఏళ్ళ పైనే ఉంటాయి. ఈయన అంత శ్రద్ధగా చూడ్డం గమనించి దగ్గరికొచ్చింది. "ఇంత పాత బట్ట పాడవకుండా ఎలా ఉంచుతున్నారో అడుగు" అన్నారు నాన్న. వెలుతురు తగ్గించి ఉంచుతామనీ, తేమా పురుగూ చేరకుండా కనిపెట్టుకుని ఉండాలనీ, చాలా ఖర్చనీ చెప్పిందావిడ. "డబ్బు ఎవరిస్తారు?" ఇది నాన్న రెండో ప్రశ్న. ఆవిడ నవ్వి, "మీలాంటి సభ్యులే" అంది. అని, నా చేతిలో కార్డు చూసి, "ఓ, స్కాట్లాండ్ నుంచి వచ్చారా? చాలా దూరమే!" అంది.

"కాదు, బర్మింగ్‌హామ్" అన్నాను. ఆవిడ ఇంకేం అనలేదు, మర్యాదగానే నవ్వింది. నాకే ఎందుకో చెవులు వేడెక్కాయి.

కారెక్కాక నాన్న అడిగారు, ఈ స్కాట్లాండ్ గొడవేంటని. చెప్పాను. ఎక్సెల్ షీటు కూడా చూపించాను, మెచ్చుకుంటారేమో అని. అంతా విని ఒకటే మాటన్నారు.

"చందా పక్కూరి గుడికి రాసి, ప్రసాదానికి మాత్రం వారం వారం మనూరి గుడికి వచ్చేవాణ్ణి ఏమంటార్రా?"

నేను వాదించాను. ఇది దొంగతనం కాదు, వాళ్ళు రాసుకున్న ఒప్పందమే, రూలుకి విరుద్ధం కాదు అన్నాను. అసలు ఆ సామాను తెచ్చుకున్నవాడు క్లైవ్ అయితే, నేను పది పౌండ్లు మిగుల్చుకుంటే తప్పొచ్చిందా అని కూడా అన్నాను. ఈ ముక్క చాలా బలమైన పాయింటనుకున్నాను. నాన్న అటు కిటికీలోంచి చూస్తూ, "పట్టుకుపోయినవాడి సంగతి వేరు, ఇప్పుడు చెద పట్టకుండా చూస్తున్నవాడి సంగతి వేరు. మొదటివాడి మీద కోపం రెండోవాడి కూలి ఎగ్గొట్టి తీర్చుకుంటావా?" అన్నారు. తర్వాత చదివితే తెలిసింది, ఆ ట్రస్టే 2020 సెప్టెంబరులో ఒక రిపోర్టు వేసిందట. తమ చేతిలో ఉన్న వాటిల్లో 93 చోట్లకి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని వాళ్ళే రాసుకున్నారు. ఆ లెక్క వాళ్ళు బయటపెట్టారు. నా ఎక్సెల్ షీటులో మాత్రం "మిగిలింది" అన్న వరస ఉంది కానీ, "ఎవరి దగ్గర మిగిలింది" అన్న వరస లేదు.

తర్వాతి నెల స్టోన్‌హెంజ్ వెళ్ళాం. అక్కడ నా తెలివి పూర్తిగా తెల్లారింది. ఆ రాళ్ళని చూసుకునేది ఇంగ్లిష్ హెరిటేజ్, చుట్టూ ఉన్న పొలాలు నేషనల్ ట్రస్ట్‌వి. అందుకని నేషనల్ ట్రస్ట్ సభ్యులకి అక్కడ ఉచితం. ఆ వెసులుబాటు స్కాట్లాండ్ కార్డుకి వర్తించదు. ఈ సంగతి ముందే రాసి ఉంది, నేనే చదవలేదు. నలుగురు పెద్దవాళ్ళకి టికెట్లంటే వంద పౌండ్ల చుట్టుపక్కల. నాన్న గుణించే లోపే పక్కకి తీసుకొచ్చేశాను. ట్రస్ట్ పొలాల్లోంచి రెండు కిలోమీటర్ల పైన నడుచుకుంటూ వెళ్ళి, కంచె ఇవతల నుంచి చూసొచ్చాం నేనూ నాన్నా. అది ఎవరైనా చెయ్యొచ్చు, పైసా కట్టక్కర్లేదు. మా ఆవిడా అమ్మా కాఫీ తాగుతూ కూచున్నారు. "రాళ్ళు ఇక్కణ్ణించీ బానే కనపడుతున్నాయి కదరా" అని నన్ను ఓదార్చారు నాన్న.

ఇంటికొచ్చి ఆ షీటుకి ఇంకో వరస కలిపాను. చూసిన పధ్నాలుగు చోట్లలో స్కాట్లాండ్‌లో ఉన్నవి ఎన్ని? సున్నా. ఒక్క కల్లోడెన్ లేదు, ఒక్క గ్లెన్‌కో లేదు.

రెన్యూవల్ వచ్చినప్పుడు అది ఆపేసి నేషనల్ ట్రస్ట్ ఫ్యామిలీ కార్డు తీసుకున్నాను. మా నాన్న చెప్పారని మాత్రమే కాదు. మా పిల్లలు నెలకి రెండుసార్లు గడ్డిలో దొర్లేది ఆ తోటల్లోనే. ఆ గడ్డి కోసే మనిషి జీతంలో మా పది పౌండ్లు ఉంటే బాగుంటుందనిపించింది. ఒప్పందం అంటే ఇచ్చి పుచ్చుకోవడం. నేను అందులో పుచ్చుకోవడం ఒక్కటే నేర్చుకున్నాను.

అలాగని ఈ ఒప్పందాలు వాడుకోవద్దని కాదు, నిక్షేపంగా వాడుకోండి. ఎడింబరాలోనో గ్లాస్గోలోనో ఉండి అప్పుడప్పుడు ఇంగ్లండ్ వచ్చేవాళ్ళ కోసం పెట్టిందే స్కాట్లాండ్ కార్డు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు అక్కడి నేషనల్ ట్రస్ట్ సభ్యులైతే ఇక్కడికొచ్చినప్పుడు అదే చూపించొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి 1973 నుంచి రాయల్ ఓక్ ఫౌండేషన్ ఉంది. అందులో చేరితే ఇక్కడి నేషనల్ ట్రస్ట్ భవనాల్లోకి ఉచితం, డబ్బు కూడా ఈ ట్రస్ట్ పనులకే సాయం. కోటల పిచ్చి ఉంటే ఇంగ్లిష్ హెరిటేజ్ మేలు. 400కి పైగా చోట్లు, ఒక్కో పెద్ద సభ్యుడి వెంట ఆరుగురు పిల్లల దాకా ఉచితం. ఎడింబరా కోట చూసుకునే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్‌తోనూ, కార్నార్వన్ లాంటి వేల్స్ కోటలు చూసుకునే సంస్థతోనూ దానికి ఒప్పందం ఉంది. మొదటి ఏడాది సగం ధర, రెన్యూ చేస్తే ఉచితం. ఏది తీసుకున్నా, ఎక్కడ చెల్లదో రాసిన చిన్న అక్షరాలు, కారు పార్కింగుతో సహా, బయల్దేరే ముందే చదువుకోండి. నాలాగా కౌంటరు దగ్గర నేర్చుకోకండి.

అన్నట్టు ఆ వేల్స్ సంస్థ పేరు పలికితే అచ్చం మన "కదూ" లాగే ఉంటుంది. వాళ్ళ భాషలో దానికి "కాపాడు" అని అర్థం. ఫోన్లో చెప్తే నాన్న తెగ నవ్వారు. "వచ్చే ఏడాది వస్తాం, ఆ కదూ కోటలు కూడా చూపించు. ఈసారి నా టికెట్ నేనే కొనుక్కుంటాలే" అన్నారు.

గేటు దగ్గర బోర్డు చూశాక ఏమంటారో చూడాలి :)