కాగితం పెడితేనే దక్కే రాయితీ: తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో

తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో వెళ్లే అరవై దాటిన ప్రయాణికుడికి ఇప్పుడు టికెట్టులో తగ్గింపేమీ లేదు. కొవిడ్ వచ్చిన 2020 మార్చిలో రైల్వే వృద్ధుల రాయితీని ఆపేసింది, మళ్లీ ఇవ్వలేదు. అదే ఊరికి ఆర్టీసీ బస్సెక్కితే మాత్రం వయసు తెలిపే కార్డు చూపగానే ఛార్జీలో 25 శాతం తగ్గుతుంది. రైలుది పోయిన రాయితీ, బస్సుది అడగ్గానే అందే రాయితీ. ఆదాయపు పన్నులో పెద్దవాళ్లకిచ్చినవి ఈ రెండు రకాల్లోకీ రావు. అవి చట్టంలో పదిలంగానే ఉన్నాయి గానీ, సరైన కాగితాన్ని సరైన చోట గడువులోగా పెట్టినవారికే దక్కుతాయి. 2025లో రిటర్నుల గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కి జరిగిన తర్వాత ఈ మూడు పట్టణాలూ తిరిగాను. కొత్త రాయితీలు ప్రకటించడం కన్నా, ఉన్నవాటికి కావలసిన కాగితం రాసిపెట్టే మనిషిని ఏర్పాటు చేయడమే పెద్దవాళ్లకు అసలు మేలని ఈ పర్యటన తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

తెనాలిలో రిటర్నుల కాలం వచ్చిందని బోసు రోడ్డు చుట్టుపక్కల బోర్డులే చెబుతాయి. ఆడిటర్ల కార్యాలయాలు, ట్యాక్స్ కన్సల్టెంట్ల గదులు, జిరాక్సు కొట్టుతో పాటే నడిచే ఆన్‌లైన్ సెంటర్లు పక్కపక్కనే ఉంటాయి. ఆదాయపు పన్ను శాఖ వార్డు కార్యాలయం ఈ ఊళ్లో ఉన్నా, రిటర్ను పని దాదాపు అంతా కంప్యూటరు తెర మీదే ముగుస్తుంది కాబట్టి సామాన్యుడు అటు వెళ్లే అవసరం తగ్గిపోయింది. రిటైరైన ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది ఎక్కువగా ఉన్న పట్టణం ఇది. వారిలో చాలామందికి నెలకింత పింఛను, కొంత డిపాజిట్టు వడ్డీ, కొందరికి ఇంట్లో ఒక వాటా మీద అద్దె వస్తాయి. చూడటానికి సులువైన లెక్కే. చిక్కంతా వివరాల్లో ఉంది. ఉద్యోగి పింఛను జీతం పద్దులోకి వస్తుంది, కొత్త పన్ను పద్ధతిలో దాని మీద 75 వేల రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. ఆయన పోయాక భార్యకు వచ్చే కుటుంబ పింఛను ఇతర ఆదాయం పద్దులోకి వెళుతుంది. అక్కడ తగ్గేది అందులో మూడో వంతు లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది. పాత బకాయిలు ఒకేసారి చేతికొస్తే పన్ను భారం పెరగకుండా ఊరట ఉంది, కానీ రిటర్ను కంటే ముందే ఫారం 10ఈ వేయాలి. భర్త బతికున్నంతకాలం ఆయన లెక్క ఆయనే చూసుకున్న ఇంట్లో, డెబ్భై ఏళ్ల ఆవిడ ఈ తేడాలన్నీ ఎక్కడ నేర్చుకోవాలి?

ఉద్యోగం చేసినవారికి కనీసం ఫారం 16 అంటే ఏమిటో తెలుసు. డిపాజిట్టు వడ్డీ మీదే బతికేవారి సంగతి బాపట్లలో ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, గుమాస్తాలు రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. వారి కుటుంబాల పొదుపు బ్యాంకుల్లోనూ పోస్టాఫీసులోనూ ఉంటుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో వడ్డీ 8.2 శాతం, గరిష్ఠ పరిమితి 30 లక్షలు. ఒకావిడ అందులో 15 లక్షలు వేసిందనుకుందాం. ఏడాదికి 1,23,000 రూపాయల వడ్డీ వస్తుంది, అంటే నెలకు పదివేల పైచిలుకు. వేరే ఆదాయం లేకపోతే ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. అయినా వడ్డీ లక్ష దాటింది కాబట్టి పది శాతం, అంటే 12,300 రూపాయలు టీడీఎస్ (చేతికివ్వకముందే కోసే పన్ను) కింద కోస్తారు. ఏప్రిల్‌లోనే తనకు పన్ను పడదని తెలిపే ఫారం 15హెచ్ ఇచ్చి ఉంటే ఒక్క రూపాయి కూడా కోయరు. ఆ ఫారం ప్రతి ఏడాదీ, డబ్బున్న ప్రతి బ్యాంకుకూ, పోస్టాఫీసుకూ విడివిడిగా ఇవ్వాలి. ఇవ్వడం మరిచిపోతే డబ్బు పోయినట్టు కాదు, కానీ వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి, బ్యాంకు ఖాతా ముందే ధ్రువీకరించుకోవాలి, రీఫండ్ వచ్చేదాకా ఎదురుచూడాలి. కట్టాల్సిన పన్ను ఏమీ లేని మనిషి తన డబ్బు తాను తెచ్చుకోవడానికి పన్ను చెల్లింపుదారు చేసే పనంతా చేయాలి.

ఇక్కడ చట్టం ఉదారంగా లేదనడానికి వీల్లేదు. పాత పద్ధతిలో అరవై దాటినవారికి మూడు లక్షలు, ఎనభై దాటినవారికి ఐదు లక్షల దాకా పన్ను లేదు. 2018 బడ్జెట్ తెచ్చిన సెక్షన్ 80టీటీబీ కింద వడ్డీలో 50 వేలు తగ్గుతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం మీద మరో 50 వేలు, బీమా లేకుంటే వైద్య ఖర్చు మీద అంతే. వ్యాపార ఆదాయం లేని వృద్ధులకు ముందస్తు పన్ను బాధ లేదు. ఎనభై దాటినవారు కాగితం మీదే రిటర్ను ఇవ్వొచ్చు, పాన్‌ను ఆధార్‌తో అనుసంధానించకపోయినా వారికి చిక్కులేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్నే పడదు. అయితే ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలన్నదే సాయం కావలసిన మొదటి ప్రశ్న. వయసును బట్టి ఇచ్చిన అధిక పరిమితులు, 80టీటీబీ, ఆరోగ్య ఖర్చు తగ్గింపు పాత పద్ధతిలోనే వర్తిస్తాయి. కొత్త పద్ధతి అరవై ఏళ్ల మనిషినీ ముప్పై ఏళ్ల మనిషినీ ఒకేలా చూస్తుంది. చాలామందికి కొత్తదే లాభం, కొందరికి కాదు. ఆ తేడా చెప్పేవాళ్లు లేకపోతే ఇన్ని రాయితీలున్నా పెద్దవాళ్లకు ఒరిగేది తక్కువ.

రేపల్లెలో ఇదే సమస్య మరో రూపంలో ఉంది. కృష్ణా డెల్టా చివర వరి పొలాల మధ్య ఉన్న ఊరు కాబట్టి ఇక్కడి పెద్దవాళ్ల రాబడిలో కౌలు ముఖ్యం. పంట పొలం మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే, దాని మీద ఆదాయపు పన్ను లేదు. పొలం అమ్మి ఆ డబ్బు డిపాజిట్టు చేసిన మరుక్షణం ఆ కుటుంబం పన్ను లెక్కల్లోకి వస్తుంది. జన్మలో పాన్ కార్డుతో పనిపడని మనిషికి ఒక్కసారిగా టీడీఎస్ ఎదురవుతుంది. దీనికి తోడు ఒక భయం ఉంది. ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 రూపాయలు, 2024 జులై నుంచి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తున్నారు. సచివాలయాల ఆరంచెల పరిశీలనలో కుటుంబంలో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా అన్నది ఒక అంశం. అందుకే రిటర్ను వేస్తే పింఛను ఆగిపోతుందన్న అనుమానం పల్లెల్లో పుట్టడం సహజం. పన్ను కట్టడం వేరు, కట్టాల్సింది సున్నా అని రిటర్నులో చూపి కోసిన డబ్బు వెనక్కి అడగడం వేరు. ఆ తేడాను నమ్మకంగా వివరించేవారు లేనప్పుడు, చేతిలో ఉన్న నాలుగు వేలను పణంగా పెట్టి ఎవరూ పన్నెండు వేల వెంట పడరు. ఇది అజ్ఞానమని కొట్టిపారేయలేం. ఉన్న సమాచారాన్ని బట్టి అది తెలివైన నిర్ణయమే.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం న్యాయమైనదే. లక్షల్లో డిపాజిట్లున్నవారికి ప్రభుత్వ ఖర్చుతో సాయం ఎందుకు? పన్ను నిజంగా కట్టాల్సినంత ఆదాయం ఉన్నవారు ఆడిటరుకు ఫీజు ఇచ్చుకోగలరు, వారి గురించి బెంగ అక్కర్లేదు. నేను చెబుతున్నది సున్నా పన్ను ఉండి కూడా టీడీఎస్ పోగొట్టుకునేవారి గురించి. పైన లెక్కవేసిన 12,300 రూపాయలు మూడు నెలల భరోసా పింఛను కంటే ఎక్కువ. జీవితాంతం కూడబెట్టింది ఒకేచోట వేసుకుని ఆ వడ్డీతో మందులు కొనుక్కునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. రెండో అభ్యంతరం, 2025 ఏప్రిల్ నుంచి వృద్ధులకు టీడీఎస్ పరిమితిని 50 వేల నుంచి లక్షకు పెంచారు కదా, సమస్య తీరిపోయిందని. తగ్గింది, తీరలేదు. ఏడున్నర శాతం వడ్డీ మీద 13.34 లక్షలు డిపాజిట్టు ఉంటే చాలు, లక్ష దాటుతుంది. అరెకరం పొలమో, ఊళ్లో పాత ఇల్లో అమ్మిన కుటుంబం ఆ అంకెకు సులువుగా చేరుతుంది. డెబ్భై అయిదు దాటితే రిటర్నే అక్కర్లేదన్న మాటా ప్రచారంలో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఆ వెసులుబాటు ఉన్నమాట నిజమే. పింఛను, వడ్డీ రెండూ ఒకే బ్యాంకులో ఉండి, ఆ బ్యాంకుకు ఫారం 12బీబీఏ ఇచ్చినవారికే అది వర్తిస్తుంది. పోస్టాఫీసులో ఒక డిపాజిట్టు ఉన్నా, ఇంటి అద్దె వెయ్యి రూపాయలు వస్తున్నా ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇప్పుడంతా ఆన్‌లైన్, వివరాలన్నీ ముందే నింపి ఉంటాయి, ఎవరికివారే వేసుకోవచ్చనేది మూడో అభ్యంతరం. వేసుకోగలిగినవారు వేసుకుంటున్నారు. కానీ ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకుదైతే, ఓటీపీ వచ్చేది అక్కడికే. పోర్టల్ ఎంత సులువైనా ఆ ఇంటికి అది తాళం వేసిన గదే. ఇంకొకరు, ఆన్‌లైన్ సెంటర్లు కొన్ని వందల రూపాయలకే చేసిపెడుతున్నాయి కదా అంటారు. నిజాయతీగా చేసేవారు చాలామంది ఉన్నారు. అయితే రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామని లేని బీమాను, లేని జబ్బును రాసే మధ్యవర్తులు దేశమంతటా ఉన్నారని 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ చేసిన తనిఖీలే తేల్చాయి. తప్పుడు రిటర్నుకు నోటీసు వచ్చేది సంతకం చేసిన పెద్దాయనకే, రాసినవాడికి కాదు. జవాబుదారీతనం ఉన్న సాయం కావాలనడానికి ఇది పెద్ద కారణం.

అలాంటి సాయం కొత్త ఆలోచన కాదు. మన పిల్లలు స్థిరపడిన అమెరికాలో 1968లో మొదలైన ట్యాక్స్ ఎయిడ్ అనే స్వచ్ఛంద కార్యక్రమం వృద్ధులకు ఉచితంగా రిటర్నులు వేసిపెడుతోంది. 1978 చట్టం అరవై దాటినవారికి పన్ను సలహా ఇచ్చే సంస్థలకు ప్రభుత్వ నిధులు సమకూర్చింది. మన దేశంలోనూ 2006లో కేంద్రం ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్ల పథకం తెచ్చి పట్టభద్రులకు శిక్షణ ఇచ్చింది. ఆ ఆలోచనకు ఈ మూడు పట్టణాల్లో నిలబడటానికి చోటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 కింద వృద్ధుల ఫిర్యాదులు వినేది ఆర్డీవోనే. ఆ కార్యాలయం ఆవరణలో ఏటా రెండుసార్లు శిబిరం పెడితే చాలు: ఏప్రిల్‌లో 15హెచ్ కోసం, జులైలో రీఫండ్ రిటర్నుల కోసం. రాసేవారు స్థానిక ఆడిటర్ల పర్యవేక్షణలో పనిచేసే కామర్స్ విద్యార్థులు కావచ్చు. కేంద్ర పన్నుకు రాష్ట్ర సిబ్బంది ఎందుకంటే, ఆధార్ కూడా కేంద్రానిదే, ఆ పని సచివాలయాల్లో జరగడం లేదా? సచివాలయ ఉద్యోగి పన్ను నిపుణుడు కానక్కర్లేదు. ఒకటో తారీఖున పింఛనుతో గడప ఎక్కినప్పుడు, బ్యాంకు వడ్డీలో కోత పడిందా అని అడిగి శిబిరం తేదీ చెబితే సరిపోతుంది. కుటుంబ ఆదాయ వివరాలు పొరుగువారికి తెలుస్తాయన్న సంకోచానికి జవాబుగా, అక్కడ చేసే పనిని 15హెచ్, ఐటీఆర్-1లకే పరిమితం చేసి, కాగితాలేవీ దగ్గర ఉంచుకోకూడదని నియమం పెట్టొచ్చు.

ఈ పని ఇప్పుడే చేయడానికి మరో కారణమూ ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దాంతో సెక్షన్ల నంబర్లు మారతాయి. ఎన్నో ఏళ్లుగా ఆరోగ్య బీమాకు 80డీ, వడ్డీ టీడీఎస్‌కు 194ఏ అని నోటికి వచ్చినవారికే మళ్లీ నేర్చుకోవలసిన పని పడుతుంది, ఏదీ తెలియనివారి సంగతి చెప్పనక్కర్లేదు. రాయితీల చిట్టా పెంచడం ప్రభుత్వానికి తేలిక, దానికి బడ్జెట్ ప్రసంగంలో ఒక వాక్యం చాలు. వచ్చే ఏప్రిల్‌లో ఈ మూడు డివిజన్ కేంద్రాల్లో ఒక్కో బల్ల, ఒక్కో మనిషి, సరిపడా ఫారాలు ఉంటే, ఆ రాయితీల్లో ఎన్ని నిజంగా ఇళ్లకు చేరుతున్నాయో మొదటిసారి లెక్క తేలుతుంది.