రైట్... రైట్!

మా నాన్న ఆర్టీసీలో 30 ఏళ్లు కండక్టరుగా చేశారు. గతుకుల రోడ్డు మీద బస్సు ఎంత ఊగినా, ఏ రాడ్డూ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. అలాంటాయన కిందటి శ్రావణంలో ఒక ఉదయం కాఫీ తాగి లేవబోయి పడిపోయారు.

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. "నీరసం అయ్యుంటుందిలే అమ్మా, కాసేపు పడుకోబెట్టు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది. మెదడులో రక్తం గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. మేం ఆస్పత్రికి చేరేసరికి ఆ గడువు దాటిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా నాలాగా నీరసం అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆస్పత్రి నుంచి వచ్చాక, ఆఫీసులో వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి గుడివాడలోనే ఉండిపోయాను. చేసిన తప్పు దిద్దుకోవాలనేమో, నాన్నను కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నీ చేతికందించడమే. లేవాలంటే చంకలో చెయ్యి వేసి నేనే లేపేసేవాణ్ణి.

ఫిజియోథెరపీ మేడమ్ అది చూసి, "తమ్ముడూ, లేస్తున్నది బాబాయ్ గారా, నువ్వా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పట్టు లేని చేతిని అలా లాగితే భుజం కీలు జారుతుందట. ఆయన ఎడమ పక్కన నిలబడి, నడుముకి కట్టిన బెల్టు పట్టుకోవాలి. చేతికర్ర కుడిచేతిలో ఉండాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాలు వెనక్కి జరిపి, ముందుకు వంగి, ఆయనే లేవాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు పడిపోయిన కాలు. పాదం వేలాడి వేళ్లు నేలకు తగులుతుంటే, మడమకి ప్లాస్టిక్ పట్టీ వేయించింది.

"దెబ్బతిన్న చోటు చేసే పనిని మెదడులో మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. కానీ ఆయన చేస్తేనే నేర్చుకుంటాయి, నువ్వు చేస్తే కాదు" అంది. ఒక సర్వర్ పడిపోతే ట్రాఫిక్‌ని ఇంకో దానికి మళ్లించడం నాకు రోజూ ఉండే పనే. ఇక్కడ మాత్రం ఆ దారి వేయాల్సింది నాన్నే, మళ్లీ మళ్లీ లేచి, మళ్లీ మళ్లీ అడుగేసి.

చెప్పినంత తేలిక కాదు. దసరా ముందు ఒకరోజు వరండాలో తూలారు. నేను గబుక్కున రెండు చేతులతో వాటేసుకున్నాను. "వదలరా! నాకంటే నీకే భయం ఎక్కువైంది" అని కసిరారు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను పట్టుకుంటున్నది నాన్ననా, ఆ రోజు ఫోన్లో అన్న మాటనా?

మర్నాడు ఆయన ముందే నోరు విప్పి ఆ ఫోన్ సంగతి చెప్పేశాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పోయిన బస్సు కోసం స్టాండులో ఏడుస్తూ కూర్చుంటావా? కర్ర ఇలా ఇవ్వు" అన్నారు.

అప్పట్నుంచి మాకు బస్సు భాషే. ఆయన "హోల్డాన్" అంటే ఆగాలి. "రైట్" అనేదాకా నేను కదలకూడదు.

సంక్రాంతికి గేటు దాకా నడిచారు. మా వాకిట్లో ఇరవై రెండడుగులు. మధ్యలో మూడు హోల్డాన్‌లు. ఎడమకాలు ఇంకా ఈడుస్తూనే ఉంది, ఎడమచెయ్యి ఇంకా మాట వినడం లేదు. నేను బెల్టు వదిలేసి, చెయ్యి మాత్రం దగ్గరగా పెట్టి పక్కనే నడిచాను. గేటు పట్టుకుని ఊపిరి తీసుకుని, ముగ్గులేసిన వీధిని అటూ ఇటూ చూశారు. తర్వాత మెల్లగా ఇంటివైపు తిరిగి, పాత గొంతుతో అన్నారు:

"రైట్... రైట్!"