బెత్తెడు కత్తి, జానెడు కత్తి



నిత్యం జేబులో ఉంచుకొనే మడతకత్తి చిన్నదిగా ఉండడం మేలా, నిండుకొలతతో ఉండడం మేలా? తెలుగు పండితుడు తలదూర్చవలసిన విషయమా ఇది అని కొందరికి అనిపించవచ్చు. పులికాట్ సరస్సు ఒడ్డున మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పినవాడిని. ఇక్కడ పడవ నడిపేవాడికీ, వల అల్లేవాడికీ, పలక పట్టిన పిల్లల పెన్సిళ్ళు చెక్కే అయ్యవారికీ కత్తి ఒక పనిముట్టు. పైగా ఈ ప్రశ్న నాకిప్పుడు వినోదం కోసం పుట్టినది కాదు. కుడిచేతి బొటనవ్రేలి కీలు రెండేళ్ళుగా మొరాయిస్తున్నది. "ఈ వయసులో మీకు కత్తి ఎందుకండీ?" అని ఇంట్లో అడుగుతున్నారు. కత్తి మానుకొంటే మందుల పొట్లం మొదలు కొరియర్ కవరు దాకా ప్రతిదీ విప్పిపెట్టమని ఎవరినో ఒకరిని పిలవాలి. అది నాకు ఇష్టం లేదు. కనుక ఏ కత్తి అన్నది తేల్చుకోక తప్పలేదు.

ముందుగా మాట సంగతి. 'కత్తి' మన ద్రావిడ భాషల సొమ్ము. తమిళ, కన్నడ, మలయాళాలలోనూ ఉన్నది. 'ఛురిక' సంస్కృతం. 'చాకు' పారశీకం నుండి ఉర్దూ మీదుగా వచ్చి మనలో కలిసిపోయింది. మూడూ కోసేవే అయినా వాడుకలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు ఏర్పడింది. ఛురిక కావ్యాలలో నిలిచింది. కత్తి పొలంలోనూ వంటింట్లోనూ స్థిరపడింది. జేబులోకి వచ్చినది మాత్రం చాకు. కత్తిలో కోసే ఇనుపభాగాన్ని అలుగు అంటారు. మా వైపు అలుగు అనగానే చెరువు అలుగే గుర్తుకు వస్తుంది, కాని కత్తికీ ఆ మాట చెల్లుతుంది. అంచు వాదర, పట్టుకొనేది పిడి.

మడతకత్తి అంటే తెల్లవారు తెచ్చిన వస్తువని చాలామంది భావన. అది పూర్తిగా నిజం కాదు. తాటాకుల మీద వ్రాసిన కాలంలో గంటం ఒక్కటే ఉంటే చాలదు. ఆకును సమంగా కోయడానికి, ఈనె తీయడానికి కత్తి కూడా కావాలి. మాకు పొరుగున ఉన్న తమిళనాట ఈ రెంటినీ ఒకే పిడిలోకి మడిచి పెట్టుకొనే సాధనం ఉండేది. దానిని మడక్కెళుత్తాణి అంటారు, అంటే మడిచే గంటం. ఒకవైపు వ్రాత, ఒకవైపు కోత. నిత్యం వెంట ఉంచుకొనే మడతకత్తికి ఈ నేల మీద ఇంతకంటే గౌరవనీయమైన పూర్వరూపం నాకు కనబడలేదు. ఆ వ్రాయసగాండ్రు దానిని ఆయుధమనుకోలేదు, వ్రాతపనిలో భాగమనుకొన్నారు.

ఇక కొలతల మాట. మన పెద్దల లెక్కలో అంగుళమంటే వ్రేలి వెడల్పు. నాలుగు వ్రేళ్ళు బెత్తెడు, పన్నెండు వ్రేళ్ళు జానెడు. నేటి అంగుళాలలో బెత్తెడు సుమారు 3, జానెడు సుమారు 9. మడతకత్తుల తగవంతా ఈ రెండు కొలతల మధ్యనే నడుస్తుంది. చిన్నరకం మడిచినప్పుడు బెత్తెడుకు కాస్త అటూఇటూ ఉంటుంది. నిండుకొలతది మడిస్తే బెత్తెడున్నర, విప్పితే జానెడుకు కాస్త తక్కువ. స్విట్జర్లాండు వారి విక్టోరినాక్స్ కత్తులనే చూడండి. మడిచినప్పుడు 58, 91, 111 మిల్లీమీటర్లు అని మూడు ముఖ్యమైన కొలతలు. మొదటిది బెత్తెడులోపు, రెండవది బెత్తెడు దాటి ఒక వ్రేలు, మూడవది ఇంచుమించు బెత్తెడున్నర. ఫ్రాన్సులో ఒపినెల్ కత్తులకు 1897లోనే 1 నుండి 12 వరకు అంకెలు వేశారు. ఎవరి చేతికి తగిన అంకెను వారు ఎంచుకొంటారు. వాటిలో ప్రసిద్ధమైన 8వ అంకె కత్తికి అలుగు 8.5 సెంటీమీటర్లు.

చిన్నకత్తి పక్షాన వాదించడం తేలిక. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు" అన్న సామెత ఉండనే ఉన్నది. ఒక వారం రోజులు నేను ఏమేమి కోశానో గమనించాను. వేపపుల్ల, పూలదండ దారం, పార్సెలు మీది టేపు, బియ్యం సంచి కుట్టు, ఒక జామకాయ, మాత్రల రేకు. వీటిలో ఒక్కదానికీ రెండంగుళాల అలుగు మించి అవసరం పడలేదు. గుమ్మడికాయకూ పనసకాయకూ ఇంట్లో కత్తిపీట ఉన్నది. చిన్నది చొక్కా జేబును క్రిందికి లాగదు. బస్సులో ప్రక్కవాడు చూసినా ఉలిక్కిపడడు. బరువు లేదు కనుక ఇంట్లో మరచిపోము. ఈ చివరి గుణమే అన్నిటికన్న గొప్పది.

అయితే చిన్నకత్తి లోపం అలుగులో లేదు, పిడిలో ఉన్నది. పిడి బెత్తెడు కన్న పొట్టిదైతే నాలుగు వ్రేళ్ళు ఇమడవు. చిటికెనవ్రేలు గాలిలో మిగులుతుంది. పట్టు సగమై, ఆ కొరతను బలంతో పూడ్చవలసి వస్తుంది. బలం పెట్టినచోటే చేయి జారుతుంది. తాళం పడని కత్తులలో అలుగును విప్పిన స్థితిలో నిలిపేది వెనుకనున్న స్ప్రింగు ఒక్కటే. వీపు మీద ఒత్తిడి పడితే అలుగు వ్రేళ్ళ మీదికే మూసుకొంటుంది. విప్పడానికి గోరు పట్టే గాడి కూడా చిన్నకత్తిలో సన్ననిదే. కీళ్ళనొప్పి ఉన్నవారికి ఆ గాడి ఎంత పరీక్షో అనుభవిస్తే తెలుస్తుంది. యౌవనంలో చిన్నకత్తి చాలు, వార్ధక్యంలోనే పెద్దపిడి అవసరం అన్న విడ్డూరపు సత్యం నాకు ఇప్పుడే బోధపడింది.

నిండుకొలత పక్షాన వాదించేవాడు మా సరస్సు మీదనే ఉన్నాడు. భీములవారిపాలెం నుండి ఇరకం దీవికి పడవ ఎక్కినవారికి ఈ నీటి తీరు తెలుసు. చాలచోట్ల నిలువులోతు కూడా ఉండదు. కాని వానలు పడి ముఖద్వారం తెరుచుకొన్న రోజులలో నీటి లాగుడు వేరు. నా పూర్వవిద్యార్థి ఒకడు అలాంటి రోజున వల దించుతూ ఉండగా త్రాడు చీలమండకు ఉచ్చుగా బిగిసింది. వల బరువు ఒకవైపు, నీరు ఒకవైపు లాగుతున్నాయి. పెద్దకత్తి పడవ కొసన పెట్టెలో ఉన్నది. చొక్కా జేబులో వ్రేలెడు చాకు ఉన్నది. నైలాను త్రాడు దానికి ఒకంతట లొంగలేదు. అదీగాక చాకు విప్పడానికి రెండు చేతులూ కావాలి, ఒక చేయి పడవ అంచును వదలలేదు. చివరకు పళ్ళతో విప్పి, పోగు తరువాత పోగు కోసి బయటపడ్డాడు. తరువాత నాతో అన్నమాట ఇది: "అయ్యవారూ, పెట్టెలో ఉన్న కత్తి కత్తి కాదు." ఇప్పుడు వాడు తాళం పడే నిండుకొలత కత్తిని, ఒంటిచేత్తో విప్పగలిగినదానిని, త్రాడు కట్టి మొలకు వ్రేలాడదీసుకొంటున్నాడు. వాదరలో సగం రంపపు పళ్ళు, మొన మొద్దు. ఊగే పడవలో వాడిమొన ఎవరికి గుచ్చుకొంటుందో చెప్పలేము గదా.

వాడి కథను చిన్నకత్తి ప్రాణం కాపాడిందని చెప్పవచ్చు, చిన్నకత్తి ప్రాణం మీదికి తెచ్చిందనీ చెప్పవచ్చు. నాకు తోచినది వేరు. అక్కడ తీర్పు చెప్పినది పొడవు కాదు, చేరువ. రొంటిన దోపుకొన్నంత కాలం పెద్దకత్తి కూడా చేతికి అందుబాటులోనే ఉండేది. చొక్కాలూ జేబులూ వచ్చాక పెద్దది పెట్టెలోకి పోయింది, చిన్నది జేబులో మిగిలింది. పడవవాడు మొల దగ్గరకు మళ్ళీ తెచ్చుకోగలడు. సూళ్ళూరుపేట బజారులో నేను మొలకు కత్తి వ్రేలాడదీసుకొని తిరిగితే పిల్లలు నవ్వుతారు, పెద్దలు తొలగిపోతారు.

ఉప్పునీటి సంగతి ఒక్కమాట. సాదా ఉక్కు పదును చక్కగా పడుతుంది, కాని ఈ గాలికి తెల్లవారేసరికి త్రుప్పు చూపుతుంది. క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కు నయమే గాని, ఉప్పు నిలిచిపోతే దానికీ గుంటలు పడతాయి. మడతకత్తిలో ఉప్పు దాగేచోటు చీల దగ్గర. మంచినీటితో కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేయాలి. చిన్నదైనా పెద్దదైనా ఈ సేవ తప్పదు.

ఇక చట్టం. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమావళి 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను ఆయుధాల పట్టికలో చేర్చింది. ఇంటిపనికీ సేద్యానికీ పరిశ్రమలకూ చేసినవాటిని మినహాయించింది. అంటే గీత జానెడు దగ్గర. మా అమ్మాయి ఉంటున్న ఇంగ్లాండులో 1988 నాటి చట్టం ప్రకారం, కారణం చెప్పనక్కరలేకుండా వీధిలో వెంట ఉంచుకోదగినది 3 అంగుళాలు మించని వాదర గల మడతకత్తి మాత్రమే. తాళం పడేదైతే న్యాయస్థానాలు దానికి ఈ మినహాయింపు ఇవ్వవు. అంటే అక్కడ గీత బెత్తెడు దగ్గర. వ్రేళ్ళను కాపాడే తాళమే అక్కడ తప్పవుతున్నది! "నాన్నా, ఆ పెద్దచాకు మాత్రం తీసుకురాకండి" అని అమ్మాయి ముందే హెచ్చరించింది. విమానంలో ఏ చాకునైనా చేతిసంచిలో పెట్టరాదు, లగేజీలోనే వేయాలి.

ఇన్నిటినీ తూచి చూశాక, ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉన్నదని తేలింది. చిన్నదా పెద్దదా అని అడిగినప్పుడు అలుగునూ పిడినీ ఒకే కొలతగా భావిస్తున్నాము. రెంటికీ వేరువేరు ధర్మాలు. అలుగు చేసే పనికి తగినట్లుండాలి, పిడి పట్టే చేతికి తగినట్లుండాలి. నేలమీద తిరిగేవారికి నా సూత్రం ఇది: అలుగు బెత్తెడు మించనక్కరలేదు, పిడి బెత్తెడుకు తగ్గకూడదు. నీటిమీద బ్రతికేవారికి సూత్రం వేరు: నిండుకొలత, తాళం, ఒంటిచేతి విప్పు, మొల దగ్గర చోటు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక జేబులోనూ అంతే. వ్రేలెడు చాకును మనుమరాలి పెన్సిళ్ళకని బల్ల సొరుగులో ఉంచి, దాని తాళంచెవి మా ఆవిడకు అప్పగించాను. పెద్దది పడవ మీదికి, దాని అవసరం ఉన్నవాడి దగ్గరకు వెళ్ళింది. నా జేబులోకి బెత్తెడు దాటి ఒక వ్రేలు పిడి, రెండున్నర అంగుళాల అలుగు గలది వచ్చింది. గాడి లోతుగా ఉన్నది, బొటనవ్రేలు ఒప్పుకొన్నది. నిన్న వచ్చిన పుస్తకాల కట్టను ఎవరినీ పిలవకుండా నేనే విప్పుకొన్నాను.

మీ ప్రాంతాలలో ఈ మడతకత్తిని ఏమని పిలుస్తారు? పెద్దలు దానిని ఎక్కడ దాచుకొనేవారు? తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

స్వస్తి.